పెళ్ళిపూల ఖర్చు తగ్గాలంటే: అనంతపురంలో మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలో మా వీధి ఆడవాళ్ళం ఐదుగురం కలిసి తెలిసినవాళ్ళ పెళ్ళిళ్ళకు పూలు కడతాం. కాగితంతో, గుడ్డతో పూలు చేసి కూడా ఇస్తాం. పెళ్ళి కుదిరిందంటే చాలు, మాకు ఫోన్లు మొదలవుతాయి. కూతురి పెళ్ళికి అప్పు తెచ్చిన తండ్రులు, సొంత జీతంలో మిగుల్చుకుని పెళ్ళి చేసుకునే పిల్లలు, వీళ్ళందరూ అడిగేవి ఇంచుమించు ఒకే ప్రశ్నలు. వాటికి మేము చెప్పే జవాబులే ఇవి. ధరలు మాత్రం రాయలేదు. పూల ధర పూటపూటకూ మారుతుంది, ఇవాళ రాసింది రేపటి ముహూర్తానికి పనికిరాదు.

అక్కా, పూలకు అంత పెట్టుకోలేం. ఎక్కడ తగ్గించాలి?

స్టేజీ వెనక గోడ దగ్గర. డెకరేషన్ డబ్బులు ఎక్కువ పోయేది అక్కడికే. ఆ గోడ ముందు వధూవరులు, పురోహితుడు, రెండువైపుల బంధువులు నిలబడ్డాక కనబడేది పైన రెండు మూరల జాగా. 30 అడుగుల దూరంలో కుర్చీల్లో కూర్చున్నవాళ్ళకు అక్కడున్నది తోటలో పూసిందో, చేత్తో చేసిందో తెలియను కూడా తెలియదు.

మేము పట్టుకున్న పద్ధతి ఒకటే. ఒంటిమీదికి, దేవుడి ముందుకు తాజాపూలు. గోడలకు, కంబాలకు, కుర్చీలకు ఆకులు, కాగితం, గుడ్డ. పెళ్ళికూతురి జడ, తలలో పూలు, మార్చుకునే దండలు, గౌరీపూజకు విడిపూలు, ఇంటి గుమ్మానికి తోరణం: ఈ ఐదింటికీ డబ్బు ముందు పక్కన పెట్టండి. వీటిలో కోత పెట్టొద్దు. పెళ్ళికూతురికి మల్లెల వాసన తగలకపోతే అది పెళ్ళిలా ఉండదని మా నమ్మకం. మిగిలినదంతా చేతిపని మీద నెట్టుకురావచ్చు.

ఎన్ని పూలు కావాలో లెక్క ఎలా?

ఊహించి కిలోలు చెప్పొద్దు. పావుకిలో బంతి తెచ్చి, మీకు కావలసినంత ఒత్తుగా గుచ్చి, టేపుతో కొలవండి. ఎన్ని అడుగులు వచ్చిందో తెలిస్తే మొత్తానికి ఎన్ని కిలోలో తేలుతుంది. బంతి సైజు రకాన్ని బట్టి మారుతుంది కాబట్టి, కొనబోయే రకంతోనే ఈ పరీక్ష చేయాలి. చప్పరం కంబానికి మాల చుట్టాలంటే కంబం ఎత్తుకు దాదాపు రెట్టింపు పొడవు పడుతుంది. నిలువుగా వేలాడదీస్తే ఎత్తు ఎంతో అంతే చాలు. చుట్టడం మానేసి వేలాడదీస్తే అక్కడే సగం మిగిలినట్టు.

కనకాంబరం కిలో ధర విని చాలామంది వెనక్కి తగ్గుతారు. ఆ పువ్వు ఎంత తేలికంటే కిలోకు వేలల్లో తూగుతాయి. ఇంటి ఆడపిల్లలందరి తలల్లోకీ కదంబం కట్టడానికి కిలో అక్కరలేదు. కదంబంలో మరువం, దవనం ఎక్కువ కలిపితే పూలు తక్కువ పడతాయి, వాసనా బాగుంటుంది.

కట్టిన పూలు మూర లెక్కన కొనేటప్పుడు ఒక్క మాట. మూర అంటే అమ్మేవాళ్ళ మోచేతి నుంచి వేలి కొన దాకా. ఒక్కో చేతికి ఒక్కో మూర. 100 మూరలు కొనేచోట ఆ తేడా చిన్నది కాదు. విడిపూలు తూకానికి కొని ఇంట్లో కట్టుకోవడమే మేలు.

ఏ నెలలో ఏ పూలు చవక?

మల్లెలు ఎండాకాలంలో విరివిగా వస్తాయి. చలికాలంలో మొగ్గ పలచబడి ధర ఎక్కుతుంది. చామంతి, బంతి దీనికి ఎదురు, చలికాలంలో దండిగా ఉంటాయి. మాఘమాసం పెళ్ళికి మల్లెజడే కావాలని పట్టుబడితే ఖర్చు తప్పదు. ఆ నెలలో చామంతి, కనకాంబరం, లిల్లీ పూలతో జడ వేస్తే అందంలో ఏమీ తగ్గదు. శ్రావణంలో ముహూర్తం పెట్టుకునేవాళ్ళు వరలక్ష్మీ వ్రతం శుక్రవారం చుట్టుపక్కల రోజులు చూసుకోండి, అప్పుడు ఏ పువ్వూ దిగిరాదు. ముహూర్తం పట్టింపు లేని రిజిస్టర్ పెళ్ళయితే ఆషాఢం మంచిది. పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి మార్కెట్‌లో బేరం మనచేతిలో ఉంటుంది.

బెంగళూరు కె.ఆర్. మార్కెట్‌కు వెళ్ళి తెచ్చుకుంటే లాభమా?

రెండు మూడు ఇళ్ళ పెళ్ళిళ్ళు ఒకే వారంలో ఉండి, కలిసి కొంటే లాభం. ఒక్క పెళ్ళికి కాదు. ఇక్కడి నుంచి 200 కిలోమీటర్లు పైనే. బండి కిరాయి, నిద్రలేని మనిషి, దారిలో వేడికి పోయే పూలు అన్నీ కలిపి చూస్తే మన ఊరి మార్కెట్‌కు తెల్లవారుజామున వెళ్ళడమే తేలిక. కర్నూలువాళ్ళు హైదరాబాద్ గుడిమల్కాపూర్ పూల మార్కెట్ గురించి అడిగినా మా జవాబు ఇదే.

మాకు కొంచెం చేను ఉంది. బంతి మేమే వేసుకోవచ్చా?

తప్పకుండా వేసుకోండి. ఇంతకంటే మంచి పొదుపు మాకు తెలియదు. విత్తనం నుంచి మొదలుపెడితే నారు నెల రోజులు, నాటాక పూత బాగా రావడానికి ఇంకో రెండు నెలలు. అంటే పెళ్ళికి మూడు నెలల ముందు మొదలుపెట్టాలి. నర్సరీలో నారు కొంటే నెల కలిసి వస్తుంది. నాటిన నెల నెలాపది రోజులకు మొక్క తల తుంచాలి. మనసు ఒప్పదు గానీ, తుంచితేనే పక్కకొమ్మలు లేచి పూలు ఎక్కువవుతాయి. ముహూర్తం వారం పది రోజులు అటూ ఇటూ జరిగితే ఇబ్బంది పడకుండా వారం తేడాతో రెండు విడతలుగా నాటండి.

చేను లేనివాళ్ళు డాబా మీద కుండీల్లో మరువం, దవనం, బొగడబంతి పెంచుకోండి. బొగడబంతికి మేము పెట్టే పని పెద్దది. ఆ పువ్వు ఎండినా రంగు పోదు. కాడతో కోసి, గుత్తులు కట్టి, నీడలో తలకిందులుగా వేలాడదీస్తే నెలల తరబడి నిలుస్తుంది. పెళ్ళికి రెండు నెలల ముందు నుంచే కూడబెట్టుకోవచ్చు. కోడిజుట్టు పువ్వు కూడా అంతే.

మే నెల పెళ్ళి. పూలు వాడిపోకుండా ఏం చేయాలి?

మన ఎండకు 40 డిగ్రీలు మామూలు, గాలి కూడా పొడిగాలి. పువ్వు వాడేది ఎండ వల్లే అనుకుంటాం, ఆ పొడిగాలి కూడా అంతే లాగేస్తుంది.

ఒక ఎండాకాలం మా ఇంట్లో పెళ్ళికే 20 కిలోల బంతి రెండు రోజుల ముందు తెచ్చి, బాగా నీళ్ళు చల్లి, ప్లాస్టిక్ సంచుల్లో మూట కట్టి పెట్టాను. పొద్దున విప్పితే లోపల ఆవిరి పట్టి, రెక్కలు నల్లబడి, సగానికి సగం పారబోయాల్సి వచ్చింది. ఆ రోజు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పటి నుంచి బంతి, చామంతి తడపం. గోనెసంచిని తడిపి నేల మీద పరిచి, దానిపై పాతచీర వేసి, పూలు పలచగా ఆరబోసి, ఫ్యాను నేరుగా తగలకుండా నీడలో ఉంచుతాం.

మల్లెది వేరే దారి. తెల్లవారుజామున కోసిన మొగ్గ అదే సాయంత్రం విచ్చుకుంటుంది. ముహూర్తం రాత్రయితే పొద్దుటి మొగ్గలు తెచ్చి మధ్యాహ్నంలోపు కట్టేయాలి. ముహూర్తం తెల్లవారుజామునయితే ముందురోజు మొగ్గలే కట్టి, తడిగుడ్డలో చుట్టి, ఫ్రిజ్‌లో పెడితే విచ్చుకోవడం నెమ్మదిస్తుంది. అరటి ఆకులో చుట్టి పైన తడిగుడ్డ వేసినా పనిచేస్తుంది. ఫ్రిజ్‌లో చట్నీ, ఉల్లిపాయ ఉంటే ముందు తీసేయండి, పూలకు ఆ వాసన పడుతుంది.

స్టేజీకి మామిడాకులు, అరటి పిలకలు, కొబ్బరాకు వాడితే ఎండాకాలంలో బాధ తగ్గుతుంది. కొబ్బరాకుతో చిలకలు అల్లే పెద్దవాళ్ళు మీ బంధువుల్లో ఎవరో ఒకరు ఉంటారు. వాళ్ళను వారం ముందే పిలవండి.

పూలజడ ఇంట్లో వేసుకోగలమా?

వేసుకోగలరు. తొందరపడకూడదు, అంతే. పాత నూలుచీరను జడ పొడవుకు పట్టీలా కత్తిరించి రెండు మడతలు కుట్టండి. పైన మూడు నాలుగు వేళ్ళ వెడల్పు, కిందికి పోయేకొద్దీ రెండు వేళ్ళు. మొగ్గలు ఒకే సైజువి ఏరుకుని, సూదితో దారానికి గుచ్చి, ఆ వరసలను పట్టీ మీద అడ్డంగా పక్కపక్కనే పెట్టి అంచుల దగ్గర కుట్టాలి. నడిమధ్య కనకాంబరం ఒక వరస నిలువుగా దించితే తెలుపు మీద ఆ రంగు నిండుగా కనబడుతుంది. వెనక నాలుగు చోట్ల రిబ్బను ముక్కలు కుట్టండి, అసలు జడకు కట్టడానికి. కొసన జడకుచ్చులు. ఇద్దరు కూర్చుంటే ఒక సాయంత్రం పని.

మొగ్గలు దొరకని కాలంలో మేము సగం సగం చేస్తాం. పట్టీ అంచులంతా శాటిన్ రిబ్బనుతో చేసిన చిన్న పూలు ముందే కుట్టిపెట్టి, మధ్యలో మాత్రం తాజాపూలకు చోటు వదులుతాం. పెళ్ళి రోజు పని గంటలో అయిపోతుంది, జడా బరువుండదు. పీటల మీద గంటల తరబడి కూర్చునే పిల్ల మెడ గురించి కూడా ఆలోచించాలి కదా. ఆ పట్టీ తరువాత చెల్లెలి పెళ్ళికీ పనికొస్తుంది.

కాగితంతో పూలు చేయడం రాదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

బంతితో. రోజా ఆశపెడుతుంది గానీ మొదటి రోజే కష్టపెడుతుంది.

క్రేప్ కాగితం రెండంగుళాల వెడల్పు, మూరెడు పొడవు పట్టీగా కత్తిరించండి. ఒక అంచున సన్నగా కుచ్చులా కత్తెర పెట్టుకుంటూ పోండి, రెండో అంచు అరంగుళం వదిలేయండి. వదిలిన అంచును వేళ్ళతో దగ్గరకు ముడుస్తూ గుండ్రంగా చుట్టి, దారంతో గట్టిగా కట్టి, కుచ్చులు విప్పి పైకి లేపితే బంతిపువ్వే. పసుపు, నారింజ రంగులు రెండూ కలిపి గుచ్చితే దూరం నుంచి తోటలో కోసినట్టుంటుంది. చేయి తిరిగాక మాలో ఒక్కొక్కరం గంటకు 20 దాకా చేస్తాం.

రోజాకు ఒక్క మెళకువ ఉంది. క్రేప్ కాగితం ఒకవైపే సాగుతుంది. ముడతల గీతలు రెక్క మొదలు నుంచి కొసకు నిలువుగా ఉండేలా కత్తిరించాలి. అప్పుడు రెక్క మధ్యలో బొటనవేళ్ళు పెట్టి అడ్డంగా సాగదీస్తే గిన్నెలా లోతు వస్తుంది. అంచులను పెన్సిలుకు చుట్టి వదలాలి. చిన్న రెక్కలు ఐదు, పెద్దవి ఏడు చాలు. కాడకు కమ్ములు కట్టే బైండింగ్ వైరు ముక్క తీసుకుని, ఆకుపచ్చ కాగితపు పట్టీని మైదా జిగురుతో చుట్టేస్తే తుప్పు కూడా బయటపడదు. మైదా జిగురంటే బొద్దింకలకూ ఎలుకలకూ ఇష్టం. చేసిన పూలను మూత గట్టిగా పట్టే డబ్బాల్లో దాచండి.

కాగితం పూలు తడిస్తే?

రంగు దిగుతుంది. ముఖ్యంగా ఎరుపు, ఊదా. కొన్న రోజే ఒక ముక్క తడిపి తెల్లగుడ్డ మీద రుద్ది చూడండి. పట్టుచీర దగ్గరకు, పన్నీరు చల్లే చోటుకు, మంగళస్నానం దగ్గరకు కాగితం పూలు రానివ్వొద్దు. హోమగుండానికి, దీపాలకు, వేడెక్కే లైట్లకు మరీ దూరంగా కట్టాలి. పీటల చుట్టూ ఆకులు, తాజాపూలే వాడతాం. ఈ విషయంలో మేము ఎవరు బతిమాలినా ఒప్పుకోం.

గుడ్డతో చేసినవి ఖరీదు కాదా?

కొత్త గుడ్డ కొంటే ఖరీదే. టైలర్ల దగ్గర పట్టు, ఆర్గంజా పీలికలు అడిగితే ఇస్తారు. అన్నిటికంటే అందమైనవి ఇంట్లో చిరిగిపోయిన పాత పట్టుచీర అంచుతో వస్తాయి. ఒకమ్మాయి పెళ్ళికి వాళ్ళ నాయనమ్మ ధర్మవరం చీర జరీ అంచుతో 40 పూలు చేసి అడ్డుతెర అంచుకు కుట్టాం. ఆ పెద్దావిడ లేదు, చీర ఉంది. తెర దించేటప్పుడు ఆ ఇంటివాళ్ళందరూ ఆ పూలనే తడిమి చూశారు. రిబ్బను అంచులు పీలికలు లేవకుండా కొవ్వొత్తి మంటకు ఒక్క క్షణం చూపించాలి. ఆ పని పిల్లలకు అప్పగించొద్దు.

పొలంలో దొరికేవాటితో ఏమైనా చేయొచ్చా?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళు తక్కువ. అడిగితే మాకు సంబరం.

కొర్ర కంకులు చూశారా? తల వంచుకుని నక్కతోకలా వేలాడతాయి. పిడికెడు కంకులు ఎర్రదారంతో కట్టి గుమ్మానికి రెండువైపులా దించితే ఏ పువ్వూ ఆ అందం ఇవ్వదు. సజ్జ, జొన్న, వరి కంకులు కూడా కుచ్చులు కట్టవచ్చు. కోయించినందుకు రైతుకు సరైన డబ్బు ఇవ్వండి, అది ఆయన పంట.

ఆదోని, ఎమ్మిగనూరు వైపు పత్తి ఏరడం అయిపోయాక చేలో కట్టె మిగులుతుంది. విచ్చుకున్న పత్తికాయలతో ఉన్న కొమ్మలు తెల్లటి పూలగుత్తుల్లా ఉంటాయి. వాటిని ఇంటికి తెచ్చేముందు ఎండలో బాగా ఎండబెట్టి, దులిపి, పురుగు పట్టిన కాయలు ఏరి కాల్చేయండి. గులాబీరంగు పురుగు ఆ కాయల్లోనే దాక్కుని తరువాతి పంటకు వస్తుంది.

మొక్కజొన్న పొత్తుల లోపలి తెల్లపొట్టు కూడా దాచుకోండి. అరగంట నానబెడితే మెత్తబడుతుంది, రెక్కలుగా కత్తిరించి దారంతో కట్టి ఆరబెడితే ఆ ఆకారంలోనే గట్టిపడుతుంది.

ఇంటి ముందర పూసే కాగితంపూలు, గన్నేరు వాడొచ్చా?

ఎండాకాలంలో ఊరంతా విరగబూసే కాగితంపూల చెట్టు పేదవాడి డెకరేటర్. మనం పువ్వు అనుకునే ఆ రంగు రేకులు నిజానికి ఆకులే, అసలు పువ్వు మధ్యలో ఉండే చిన్న తెల్లది. అందుకే అవి రాలినా తొందరగా వాడవు. ముళ్ళు చూసుకుని కొమ్మలు కోయండి.

గన్నేరు విషం. పూజకు విడిగా వాడుకోండి గానీ, భోజనాల బల్ల మీద, సారె పళ్ళేల్లో, పసిపిల్లల చేతికందే చోట పెట్టొద్దు. పచ్చగన్నేరుకూ ఇదే మాట. మార్కెట్ పూల మీద మందు కొట్టి ఉంటారు కాబట్టి, తినే పదార్థాల పైన ఏ పువ్వూ చల్లకపోవడమే మంచిది.

పూలు గుచ్చడానికి ఫోమ్ కొనాలా?

వద్దు. అరటి బోదె ఉంది. అడుగు పొడవు ముక్క కోసి, నిలువునా చీల్చి, చదునైన వైపు కింద పెడితే కదలదు. కొబ్బరి పుల్లతో రంధ్రం చేసి పువ్వు కాడ గుచ్చండి. బోదెలోని నీరే పువ్వును రోజంతా నిలుపుతుంది. పులివెందుల, నార్పల వైపు అరటి తోటల్లో గెల కోసిన చెట్టు ఎలాగూ నరికేస్తారు, అడిగి తెచ్చుకోండి. బోదె రసం మరక పోదు, పాతబట్టలు వేసుకుని కోయండి. పైనుంచి ఒలిచిన నార పూలు కట్టడానికి దాచుకోవచ్చు.

థర్మాకోల్‌తో అక్షరాలు, పూలు చేయించుకోవచ్చా?

డెకరేషన్ థర్మాకోల్‌ను 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించారు. పేర్లు అట్టముక్క మీద బంతి రెక్కలు అంటించి రాసుకోండి. తలంబ్రాల్లో రంగురంగుల థర్మాకోల్ గుండ్లు కలపడం కూడా మాకు ఎంతమాత్రం నచ్చదు. పసుపు బియ్యం పవిత్రమని చేతిలోకి తీసుకుని, అందులో చెత్త కలుపుతామా? రోజా రెక్కలు కలపండి.

నిఖాకు సెహ్రా (పెళ్ళికొడుకు ముఖం మీదికి దిగే పూలసరాలు) ఇంట్లో కట్టుకోవచ్చా?

కట్టుకోవచ్చు. రెండు వేళ్ళ వెడల్పు గుడ్డపట్టీని పెళ్ళికొడుకు నుదుటి కొలతకు తీసుకుని, వెనక కట్టుకునే తాళ్ళు వదలండి. ఛాతీ దాకా దిగే సరాలు లిల్లీ మొగ్గలతోనో మల్లెతోనో గుచ్చి, ప్రతి సరం కొసన ఒక రోజా. సరాలు మరీ ఒత్తుగా కుడితే బరువుకు పట్టీ జారుతుంది. కుట్టాక ఇంట్లో ఎవరికైనా ఒకసారి కట్టి చూడండి.

చర్చిలో పెళ్ళి. బొకే?

లిల్లీ కాడలు, తెల్ల చామంతి, పచ్చదనానికి మరువం. కాడలు ఏటవాలుగా కోసి రాత్రంతా నీళ్ళలో నిలబెట్టి, పొద్దున రిబ్బను చుట్టండి. దాచుకోవడానికి కావాలంటే ఇంకొకటి కాగితంతో చేసి ఇస్తాం.

డెకరేషన్ వాళ్ళకే అప్పగించాలనుకుంటే ఎలా మాట్లాడుకోవాలి?

ప్రతి చోటుకూ విడివిడిగా, ఏ పువ్వు, తాజాదా ప్లాస్టిక్‌దా, ఎంత పొడవు, ఎన్నింటికి వచ్చి కడతారు అని కాగితం మీద రాయించుకోండి. మా బంధువుల పెళ్ళిలో తాజాపూల డబ్బు తీసుకుని, గుమ్మానికి తప్ప అంతటా ప్లాస్టిక్ కట్టి వెళ్ళారు. పీటల మీద కూర్చునే వేళకు ఎవరు పోట్లాడతారు? ఆకులు, చేతిపూలు మీవే అని, కట్టే మనుషులు మాత్రం వాళ్ళవని మాట్లాడుకుంటే చాలా కలిసివస్తుంది. పెన్నహోబిలంలాంటి గుడిలో పెళ్ళయితే స్తంభాలకు ఏం కట్టనిస్తారో ముందే అడగండి. రాతికి మేకులు కొట్టొద్దు.

చేత్తో చేసినవి పెడితే బంధువులు చులకనగా చూడరా?

ఈ మాట అడిగేటప్పుడు గొంతు తగ్గిస్తారు. అమ్మా, అన్నా, మా అనుభవం చెబుతాం. చూడరు. పొందిక లేకపోతే చూస్తారు. నాలుగు రంగులు కలగాపులగంగా, ఒకచోట ఒత్తుగా ఒకచోట ఖాళీగా ఉంటే ఎంత ఖరీదైన పూలయినా వెలవెలబోతాయి. రెండు రంగులు ఎంచుకుని, చప్పరం నుంచి స్టేజీ దాకా అవే నడపండి. పూలు చేసినవాళ్ళు పెళ్ళిలో తిరుగుతూనే ఉంటారు. "ఆ వరస నేను చుట్టిందే" అని పిన్నమ్మ పదిమందికి చూపిస్తుంది. అప్పు చేసి కట్టించిన గోడను అలా ఎవరూ చూపించరు.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

కాగితం, గుడ్డ పూలు రెండు నెలల ముందు. వారానికి రెండు సాయంత్రాలు, నలుగురు మనుషులు. కంకులు, ఎండిన పూలు నెల ముందు. పూల అంగడిలో మాట పదిహేను రోజుల ముందు. మామిడాకులు, అరటి ముందురోజు సాయంత్రం. జడ, దండలు ఆ రాత్రి. చేతులు చాలకపోతే కుర్చీల పూలు మానేయండి, ఎవరూ అడగరు.

పెళ్ళయ్యాక ఇవన్నీ ఏం చేయాలి?

మరునాటి సత్యనారాయణ వ్రతానికి చేతిపూల తోరణాలే మళ్ళీ కట్టండి. తరువాత డబ్బాలో పెట్టి, అడిగినవాళ్ళకు ఇవ్వండి. మావి ఇప్పటికే చాలా ఇళ్ళు తిరిగాయి. వాడిన బంతిపూలు పటిక వేసి ఉడకబెడితే మంచి పసుపురంగు దిగుతుంది, నూలు తువ్వాళ్ళకు అద్దుకోవచ్చు. మిగిలినవి దారాలు తీసి ఎరువుగుంతలో వేయండి. నాటు బంతి అయితే పది పూలు ఎండబెట్టి విత్తనం దాచండి. కొర్ర కంకులు మాత్రం తీయొద్దు, వసారాలో అలాగే వేలాడదీయండి. పిచ్చుకలు వస్తాయి.